15 లక్షల ఇంటికి 5 లక్షల ఇన్సూరెన్సేనా?

కాలిఫోర్నియా బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే మిత్రుడొకడు కిందటేడు 15 లక్షల డాలర్లు పోసి ఇల్లు కొన్నాడు. పాలసీ కాగితాలు వచ్చిన రోజు ఫోన్ చేశాడు. "ఇదేంటన్నా, డ్వెల్లింగ్ కవరేజ్, అదే ఇంటి కట్టడానికిచ్చే బీమా, 4 లక్షల 80 వేలే వేశాడు? ఏజెంట్ మోసం చేశాడా?"

చేయలేదు. బే ఏరియాలో ఇంటి ధరలో సింహభాగం నేలది. నేల కాలిపోదు. అందుకే ఇన్సూరెన్స్ లెక్కకు అమ్మకం ధరతో పని లేదు, బ్యాంకు లోనుతో అంతకన్నా లేదు. అదే ఇంటిని అదే చోట ఇవాళ్టి కూలి రేట్లతో, ఇవాళ్టి కలప ధరతో మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందన్నదే లెక్క. టెక్సాస్‌లో ఫ్రిస్కో లాంటి చోట నేల చవక కాబట్టి రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటాయి, అక్కడివాళ్లకు ఈ అనుమానం రాదు.

ఈ మాట చెప్తే మావాడు కుదుటపడ్డాడు. కానీ ఆ 4 లక్షల 80 వేలు నిజంగా చాలుతాయా అన్నది వేరే ప్రశ్న. అసలు ఆ అంకె ఎవరు వేయాలి, తప్పితే ఆ తేడా ఎవరి నెత్తిన పడాలి అన్నదాని మీద అమెరికాలో పెద్ద కథే నడిచింది.

1752లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, మరికొందరు కలిసి అగ్నిప్రమాద బీమా సంఘం పెట్టినప్పుడు సర్వేయరు ఇంటికొచ్చి గోడలు, మెట్లు, చెక్కపని చూసి రాసుకునేవాడు. అంకె వేసే బాధ్యత చూసినవాడిదే. తర్వాతి కాలంలో పాలసీలన్నీ ఒక మూసలోకి వచ్చాయి. 1943 నాటి న్యూయార్క్ ప్రామాణిక పాలసీ మొత్తం 165 పంక్తులు. అందులో కంపెనీ ఇస్తానన్నది వస్తువుకు ఆనాటికి ఉన్న విలువ, అంటే తరుగు తీసేసిన విలువ మాత్రమే. ఇరవై ఏళ్ల పైకప్పు కాలితే ఇరవై ఏళ్ల పైకప్పు డబ్బులే వస్తాయి. కొత్తది వేసుకోవడానికి మిగతాది చేతి నుంచి పెట్టుకోవాలి. 1950లో ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫ్ నార్త్ అమెరికా అగ్నిప్రమాదం, దొంగతనం, ఇతరులకు జరిగే నష్టం అన్నీ కలిపి ఒకే పాలసీగా అమ్మింది. ఇవాళ మనం హోమ్ ఓనర్స్ పాలసీ అంటున్నది దాని సంతానమే.

ఆ తర్వాత తరుగు తీయకుండా కొత్త సామానుకు సరిపడా ఇస్తామన్నారు, కానీ ఒక మెలిక పెట్టి. మళ్లీ కట్టే ఖర్చులో కనీసం 80 శాతానికైనా పాలసీ ఉండాలి. చాలామందికి ఇది ఇప్పటికీ తెలియదు. కట్టడానికి 5 లక్షలయ్యే ఇల్లు అనుకోండి, 4 లక్షలకైనా పాలసీ ఉండాలి. మీరు ప్రీమియం తగ్గుతుందని 3 లక్షలకే తీసుకున్నారు. వంటగది కాలి లక్ష నష్టం వచ్చింది. "నాకు 3 లక్షలుందిగా, లక్ష ఇవ్వడానికేం?" అంటే కుదరదు. నాలుగింట మూడొంతులే, అంటే 75 వేలు. తరుగు తీసిన లెక్కలో ఇంకా ఎక్కువ వస్తే అది ఇస్తారు. ఎలా చూసినా డిడక్టిబుల్, అంటే ప్రతి నష్టంలో ముందుగా మనం పెట్టుకోవాల్సిన మొత్తం, మన వాటా.

1980లలో కంపెనీలు పోటాపోటీగా ఇంకో మెట్టెక్కాయి. పాలసీలో ఏ అంకె ఉన్నా సరే, ఇల్లు మళ్లీ కట్టించి ఇస్తామన్న హామీ. గ్యారంటీడ్ రీప్లేస్‌మెంట్ అంటే అదే. అది ఉన్నవాడికి అంకె తప్పినా భయం లేదు.

1991 అక్టోబర్ 20, ఆదివారం. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో ముందురోజు ఆర్పేశామనుకున్న గడ్డి మంట వేడిగాలికి మళ్లీ రాజుకుంది. 25 మంది చనిపోయారు, దాదాపు 3,000 ఇళ్లు బూడిదయ్యాయి. హామీ లేనివాళ్లకు తమ పాలసీ అంకె కట్టుబడి ఖర్చుకు దరిదాపుల్లో కూడా లేదని అప్పుడే తెలిసింది. హామీ ఇచ్చిన కంపెనీలకేమో ఆ హామీకి హద్దే లేదని తెలిసింది. ఒకేసారి వేల ఇళ్లు కట్టాల్సి వస్తే మేస్త్రీ కూలీ నుంచి మేకు దాకా అన్నీ పెరుగుతాయి కదా. 1990లు గడిచేలోగా చాలా కంపెనీలు ఆ హామీని తీసేసి, పాలసీ అంకె మీద ఇంకో 25 శాతమో, 50 శాతమో అని హద్దు గీశాయి. పేరులో రీప్లేస్‌మెంట్ అన్న మాట అలాగే ఉంచాయి. నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికన్నా చేటు చేసింది ఆ మాటే. అది చూసి పాలసీ పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ.

అలా అంకె బరువు ఇంటి యజమాని మీదకు జారింది. 2003 కార్చిచ్చులో ఇల్లు పోయినవారొకరు వేసిన కేసులో 2008లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు ఆ సంగతి తేల్చి చెప్పింది. సరిపడా కవరేజ్ ఉందో లేదో చూసుకోవాల్సింది పాలసీదారే, కంపెనీ కాదు. 2011లో రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ కొంత కళ్లెం వేసింది. ఏజెంటు అంచనా ఇస్తే అందులో కూలీ, సామగ్రి, కాంట్రాక్టరు లాభం, శిథిలాల తొలగింపు, పర్మిట్లు, ప్లాన్ల ఖర్చు అన్నీ ఉండాలి. కంపెనీలు దీని మీద కోర్టుకెక్కితే 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు నియమాన్నే నిలబెట్టింది.

అయినా పరిస్థితి పెద్దగా మారలేదు. 2021 డిసెంబర్ 30న కొలరాడోలో మార్షల్ ఫైర్ వెయ్యికి పైగా ఇళ్లను మింగింది. పూర్తిగా కాలిపోయిన ఇళ్ల పాలసీలను ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ విభాగం లెక్కగట్టింది. చదరపు అడుగుకు 250 డాలర్లతో కట్టగలిగితే 36 శాతం పాలసీల్లో డబ్బు చాలదు. 350 అయితే 67 శాతం పాలసీల్లో చాలదు. అడుగుకు వంద డాలర్ల తేడాతో ఊరి కథ తిరగబడింది.

మావాడి సంగతికొస్తే, ఏజెంటు వాడిన అంచనా షీటు అడిగి తెప్పించుకున్నాం. ఫిలడెల్ఫియా సర్వేయరు పోయి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వచ్చింది. చదరపు అడుగులు 1,600, కట్టింది 1978, అడుగుకు 300 డాలర్లు. వంటగది 'స్టాండర్డ్' అని టిక్కు పెట్టి ఉంది. పాత యజమాని క్వార్ట్జ్ పరిచి, ఇటాలియన్ పొయ్యి పెట్టించిన వంటగది అది. అమ్మానాన్నలు వస్తారని ఉత్తరం వైపు వేయించిన గది ఆ షీటులో లేనే లేదు. ఇంకో మాట: 1978 ఇంట్లో ఫైర్ స్ప్రింక్లర్లు ఉండవు. 2011 నుంచి కాలిఫోర్నియాలో కొత్తగా కట్టే ఇళ్లకు అవి తప్పనిసరి. ఆ అదనపు ఖర్చుకు ఆర్డినెన్స్ కవరేజ్, అంటే కొత్త కట్టడ నియమాల వల్ల పడే ఖర్చుకిచ్చే బీమా, విడిగా చూసుకోవాలి. భూకంపం ఈ పాలసీలో అసలు లేదు, హేవర్డ్ ఫాల్ట్ అనే భూకంపాల పగులు ఫ్రీమాంట్ మధ్య నుంచే పోతున్నా సరే. ఇంట్లో సామాను, ఇల్లు మళ్లీ కట్టేదాకా బయట అద్దెకున్న ఖర్చు లాంటివి చాలావరకు డ్వెల్లింగ్ అంకెలో ఇంత శాతం అని కడతారు కాబట్టి ఆ ఒక్క అంకె తప్పితే అన్నీ తప్పుతాయి.

షీటు దిద్దించాక అంకె 6 లక్షల 90 వేలకు వెళ్లింది. "మరి బంగారం?" అన్నాడు. మామూలు పాలసీలో నగలు దొంగలెత్తుకుపోతే చాలాచోట్ల 1,500 డాలర్లే హద్దు. వాళ్లావిడ నల్లపూసల గొలుసుకే చాలదు. ఒక్కో నగ విడిగా రాయించాలంటే బిల్లో, అప్రైజలో (విలువ కట్టిన కాగితం) పంపమన్నాడు ఏజెంటు. బిల్లులన్నీ గుంటూరులో వాళ్లమ్మ బీరువాలో ఉన్నాయట.