మీ పేరు వాళ్ల చెవిలో ఎలా పడుతుంది?

విదేశంలో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు అడిగారు: "నా పేరు ఎన్నిసార్లు చెప్పినా ఆఫీసులో ఒక్కరూ సరిగ్గా పలకరు. నెమ్మదిగా చెప్పాను, విడదీసి చెప్పాను. 'నేనన్నదీ అదే కదా' అంటారు. వీళ్లకి నిజంగా రాదా, లేక పట్టదా?"

ఈ ప్రశ్నలో నన్ను పట్టేసినది ఆ 'నేనన్నదీ అదే కదా' అన్న జవాబు. అది చాలాసార్లు నిజం. వాళ్ల చెవికి ఆ రెండూ ఒకటే.

పవన్ అనే పేరు తీసుకుందాం. 'ప' అనడానికి పెదవులు మూస్తాం, వెనకాల గాలి పోగవుతుంది, పెదవులు విడిపోతాయి, గొంతులో స్వరతంత్రులు కంపించడం మొదలై 'అ' వినిపిస్తుంది. పెదవులు విడిన క్షణానికీ, స్వరతంత్రులు కదిలే క్షణానికీ మధ్య ఉండే వ్యవధిని వాయిస్ ఆన్‌సెట్ టైమ్ అంటారు. 1964లో లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్‌సన్ దీన్ని 11 భాషల్లో కొలిచారు. ఇంగ్లిష్‌లో మాట మొదట వచ్చే 'ప'కి సగటున 58 మిల్లీసెకన్లు. హిందీ 'ప'కి 13. దానికే ఒత్తు పెడితే దాదాపు 70. మన 'ప' కూడా హిందీ 'ప' లాంటిదే, గాలి పెద్దగా వదలకుండా పలికేది.

ఇంగ్లిష్ చెవికి 'బ', 'ప'ల మధ్య సరిహద్దు సుమారు 25 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. అంతకన్నా తక్కువైతే 'బ', ఎక్కువైతే 'ప'. మన పవన్‌ది పదీ పదిహేనూ. అంటే సరిహద్దుకి అవతల, 'బ' వైపు. మీరు స్పష్టంగా పవన్ అంటుంటే ఇంగ్లిష్ మాట్లాడే సహోద్యోగి "బవనా?" అని అడిగేది అందుకే. అదే పేరు కాగితం మీద చూసి చదివితే తన 58 మిల్లీసెకన్ల 'ప'తో పలుకుతాడు. అప్పుడు మనకి 'ప' కింద ఒత్తు వినిపిస్తుంది. ఆయన వినడంలోనూ తేడా, పలకడంలోనూ తేడా. రెండింటికీ మూలం ఆ కొన్ని మిల్లీసెకన్లే!

ఇంతకన్నా గొప్ప సంగతి ఇంకోటుంది. కంప్యూటర్‌తో ఈ వ్యవధిని కొంచెం కొంచెంగా పెంచుతూ శబ్దాలు తయారుచేసి వినిపిస్తే, 'బ' మెల్లగా 'ప'గా మారుతున్నట్టు ఎవరికీ అనిపించదు. 'బ', 'బ', 'బ' అని వినిపించి ఉన్నట్టుండి 'ప' అయిపోతుంది. 20కీ 40కీ తేడా ఇట్టే దొరుకుతుంది. 60కీ 80కీ కూడా తేడా అంతే, కానీ అక్కడ రెండూ ఒకే 'ప'. మెదడు శబ్దాలని పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దినట్టు అరల్లో పడేస్తుంది. అరలో పడ్డాక ఏ అరో గుర్తుంటుంది, ఏ మూల పడిందో గుర్తుండదు. మీరు పేరు మళ్లీ మళ్లీ చెప్పడమంటే ఆ ఉత్తరాన్ని అదే అరలోకి మళ్లీ పంపడమే. గట్టిగా చెప్పినా అర మారదు.

ఈ అరలు ఎప్పుడు ఏర్పడతాయి? 1971లో పీటర్ ఐమాస్ బృందం నెల వయసు పిల్లలు కూడా 20, 40 మిల్లీసెకన్ల శబ్దాలని వేరుగా గుర్తిస్తారని చూపించింది. కొత్త శబ్దం వినగానే పాలపీక చప్పరించే వేగం పెరిగింది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఇంగ్లిష్ ఇళ్లలో పెరిగే పసివాళ్లకి హిందీ 'ట', 'త'లు వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టేశారు. 10 నుంచి 12 నెలల వాళ్లలో చాలామందికి ఆ తేడా దొరకలేదు. మీ పేరులోని 'ట' మీ సహోద్యోగికి ఒకప్పుడు వినిపించేదే. మొదటి పుట్టినరోజు నాటికే ఆ తలుపు చాలావరకు మూసుకుంది.

'త'కి నాలుక కొన పళ్లకి తగులుతుంది, 'ట'కి పైకి వంగి అంగిలికి. ఇంగ్లిష్ వాళ్ల నాలుక ఈ రెండింటి మధ్య, పళ్ల వెనక చిగురు గట్టు మీద ఆగుతుంది. నాలుక వెనక్కి వంగినప్పుడు నోటి ఖాళీలో బలంగా మోగే శ్రుతుల్లో, అంటే అనునాదాల్లో, మూడోదాని పౌనఃపున్యం దిగి రెండోదానికి దగ్గరవుతుంది. ముందున్న అచ్చు చివర్లో ఈ దిగుడు వినిపిస్తుంది కాబట్టి, మాట మొదట్లో కన్నా మధ్యలో వచ్చే 'ట'ని పోల్చుకోవడం తేలిక. క, చ, ట, త, ప అని మనం బడిలో వల్లించే వరుస గొంతు దగ్గర మొదలై పెదవుల దగ్గర ముగిసే నోటి పటం. ఇంత అందమైన సంగతి చెప్పకుండా పిల్లల చేత ఉత్తినే బట్టీ పట్టించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక స్పెల్లింగ్. 'త' కోసం మనం టీ, హెచ్ రాస్తాం. ఇంగ్లిష్ చదివేవాళ్లు దాన్ని 'థింక్'లోని శబ్దంగా తీసుకుంటారు. పైగా న్యూమరాలజీ పేరుతో అదనపు అక్షరాలు! అక్షరం కలిపితే అదృష్టం కలిసొస్తుందనడానికి ఆధారం ఏమీ లేదు. కొత్తవాళ్లు తడబడటానికి మాత్రం ఇంకో చోటు దొరుకుతుంది.

పేరు తప్పితే మనసు చివుక్కుమనడానికీ కారణం ఉంది. నాలుగున్నర నెలల పిల్లలే తమ పేరుని అలాంటి వేరే పేర్ల నుంచి వేరుచేసి వింటారని 1995లో తేలింది. 1959లో నెవిల్ మోరే కొందరిని ఒక చెవిలో చదువుతున్న పాఠం మీదే ధ్యాస పెట్టమని, రెండో చెవిలో వాళ్ల పేరు వినిపిస్తే, సుమారు మూడో వంతు మంది దాన్ని పట్టుకున్నారు. తేలిగ్గా పలికే పేర్లున్న వాళ్ల మీద జనానికి మంచి అభిప్రాయం కలుగుతుందని 2012లో సైమన్ లాహమ్ బృందం చూపించింది. కాబట్టి ఇది చిన్న విషయమని కొట్టిపారేయకూడదు. ఒక హల్లు తప్పితే చెవిని తప్పుపట్టవచ్చు. సగం పేరు కోసేసి, అడగకుండా ముద్దుపేరు తగిలిస్తే దానికి చెవి బాధ్యత లేదు. మనమూ జాగ్రత్తగానే ఉండాలి. చైనా మాండరిన్‌లో మాట అర్థాన్ని మార్చే శ్రుతి తేడాలు, అంటే స్వరాలు, నాలుగు; ఉత్తర వియత్నాం మాటలో ఆరు. ఆ పేర్లు పలికేటప్పుడు ఆ స్వరాలన్నీ మనం వదిలేస్తాం, వదిలేశామని కూడా మనకి తెలియదు.

మరి ఏం చేయాలి? జపాన్ వాళ్లకి ఇంగ్లిష్ 'ర', 'ల'ల తేడా నేర్పిన ప్రయోగాల్లో పలు గొంతులతో వినిపించినప్పుడు మంచి ఫలితం వచ్చింది. మీరొక్కరే చెప్పకుండా ఇంకో ఇద్దరు ముగ్గురి చేత చెప్పించండి. అంతకన్నా దగ్గర దారి నోరు. మన 'ప' ఇంగ్లిష్ వాళ్ల నోట్లో ఇప్పటికే ఉంది, 'స్పిన్'లో 'స' తర్వాత. అక్కడ వాళ్లు గాలి వదలరు. 'స్పిన్' అనమని, తర్వాత 'స' మనసులోనే అనుకుని మిగతాది పైకి అనమనండి. 'త' కోసం 'థింక్' అనబోయినట్టు నాలుకని పళ్లకి ఆనించి, గాలి జారకుండా ఆపమనండి. పేరులో 'ర' ఉంటే, అమెరికన్లు 'వాటర్' అన్నప్పుడు మధ్యలో నాలుక ఒక్కసారి తట్టి వదిలే హల్లు మన 'ర'కి చాలా దగ్గర. ముందున్న 'వా' తీసేసి, ఆ తట్టుతోనే పేరు మొదలుపెట్టమంటే సరిపోతుంది.