రీలు నుంచి మాగ్నెటిక్ టైమ్‌లైన్ దాకా: ఎడిటింగ్ రూములో తెగని తగువు

చెన్నైలో సాలిగ్రామం, వడపళని వైపు ఎడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చే తెలుగు కుర్రాళ్లలో చాలామంది ముందు ఫోన్లోనే చేయి తిప్పుకుని వస్తున్నారు. కైన్‌మాస్టర్ లాంటి యాప్‌లో ఒక ముక్క తీసేస్తే వెనకున్నవన్నీ వాటంతటవే ముందుకు జరిగి అతుక్కుంటాయి. ఇక్కడ ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని అదే పని చేస్తే ఆ ముక్క ఉన్నచోట ఖాళీ అలాగే ఉండిపోతుంది. "ఇది అతుక్కోదా అన్నా?" అని అడుగుతారు. "ముందు ట్రాకులు నేర్చుకో తమ్ముడూ, షోకులు తర్వాత" అంటాడు సీనియర్. ట్రాకులంటే బొమ్మకూ సౌండుకూ తెరమీద విడివిడిగా ఉండే వరుసలు; అవన్నీ కలిసిన పట్టీయే టైమ్‌లైన్. ఒకరిది కొత్త పద్ధతి, ఇంకొకరిది పాత పద్ధతి అని ఇద్దరూ నమ్ముతారు. కానీ ఈ పని నడిచొచ్చిన దారి చూస్తే, కొత్తదని పేరు పడ్డ పద్ధతికే వయసు ఎక్కువ.

తెలుగు సినిమా మద్రాసులోనే తయారైన రోజుల్లో ఎడిటింగ్ అంటే చేత్తో ఫిల్మ్ కోయడమే. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24. అంటే నిమిషం బొమ్మకు 90 అడుగులు. మూవియోలా అనే ఫిల్మ్ చూసే యంత్రంలో చూసి, గుర్తు పెట్టి, స్ప్లైసర్‌తో కోసి, మిగిలిన రెండు కొసలను టేపుతో అతికేవారు. మధ్యలో మూడడుగులు తీస్తే రీలు మూడడుగులు తగ్గుతుంది, అంతే. ఖాళీ అనేదే ఉండదు. ఖాళీ కావాలంటే అంత పొడవు ఉత్త ఫిల్మ్‌ను, అంటే లీడర్‌ను, పనిగట్టుకుని అతికించాల్సిందే. ముక్క తీస్తే వెనకది వచ్చి కలవడం సాఫ్ట్‌వేర్ కనిపెట్టిన వింత కాదు, ఫిల్మ్ స్వభావమే అది.

చిక్కంతా సౌండుతోనే. బొమ్మ ఒక రీలు, మాగ్నెటిక్ సౌండ్ ఇంకో రీలు. రెండూ సింక్రొనైజర్ పళ్ల చక్రాల మీద పక్కపక్కనే నడవాలి. బొమ్మలో మూడడుగులు తీసి సౌండులో తీయడం మరిచిపోతే అక్కడి నుంచి రీలు చివరిదాకా పెదవులు ఒకటి, మాట ఒకటి. అసిస్టెంట్ ఎడిటర్ల టెన్షన్‌లో సగం ఇదే.

వీడియో టేపు వచ్చాక లెక్క మొత్తం మారిపోయింది. సోనీ యూమాటిక్ 1971లో, బీటాక్యామ్ 1982లో వచ్చాయి. వీడియో టేపును కోయరు. ఒక మెషీన్లో ప్లే చేస్తూ రెండోదాంట్లో రికార్డు చేస్తారు. ప్రతి షాట్‌కూ టేపు మీద ఒక చోటు, ఆ చోటికి టైమ్‌కోడ్, అంటే గంట, నిమిషం, సెకను, ఫ్రేము చెప్పే నంబరు. అరగంట ప్రోగ్రామ్ పూర్తయ్యాక రెండో నిమిషంలో ఐదు సెకన్లు తీయమంటే, అక్కడి నుంచి మిగతాదంతా మళ్లీ రికార్డు చేయాలి. లేదా సరిగ్గా ఐదు సెకన్ల షాట్ ఇంకోటి వెతికి దాని మీద వేయాలి. అందుకే పాతదాని మీద కొత్తది వేయడమే ఆ రోజుల్లో అందరికీ అలవాటైన పని. బొమ్మ ముట్టుకోకుండా సౌండ్ ఒక్కటే మార్చడం, ఒకటో చానల్లో మాట, రెండో చానల్లో మ్యూజిక్ పెట్టుకోవడం, ఇవన్నీ టేపు నేర్పిన పద్ధతులు. టీవీ ప్రోగ్రాములు, పెళ్లి వీడియోలు చేసిన తరం చేతులు ఇక్కడే కుదిరాయి.

కంప్యూటర్ ఎడిటింగ్ ఈ రెండింటికీ వారసురాలు. సీబీఎస్, మెమొరెక్స్ కంపెనీలు కలిసి పెట్టిన సీఎమ్‌ఎక్స్ 1971లోనే డిస్కుల మీద ఎడిట్ చేసే యంత్రం తెచ్చింది. ధర సుమారు 2,50,000 డాలర్లు. బ్లాక్ అండ్ వైట్‌లో అరగంట వీడియో పట్టేది. మామూలు ఎడిటర్‌కు అందుబాటులోకి రావడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. 1989లో అవిడ్, 1991లో అడోబీ ప్రీమియర్, 1999లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో వచ్చాయి. వీటి తెరల మీద వీ1 (వీడియో), ఏ1, ఏ2 (ఆడియో) అని కనిపించే వరుసలు టేపు చానళ్ల నీడలే. తొలి ప్రీమియర్‌లోనైతే ఏ, బీ అని రెండు వీడియో వరుసలు, మధ్యలో ట్రాన్సిషన్‌కు ఒక వరుస ఉండేవి. రెండు ప్లేయర్లు, ఒక మిక్సర్ పెట్టుకుని డిజాల్వ్ (ఒక షాట్ కరిగి ఇంకో షాట్‌లో కలవడం) చేసిన పద్ధతిని అలాగే తెరమీదకు దించారు.

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునే మనిషి ర్యాండీ యుబిలోస్. ప్రీమియర్ తొలి వెర్షన్లు ఆయన చేతిలోవే, ఫైనల్ కట్ కూడా ఆయన నడిపించిందే. ట్రాకులను లక్షల మందికి అలవాటు చేసిన ఆ మనిషి ఆధ్వర్యంలోనే 2011 జూన్‌లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ విడుదల చేసి, ట్రాకులనే తీసేసింది. మధ్యలో ప్రైమరీ స్టోరీలైన్ అని ఒకటే ప్రధాన వరుస, మిగతావన్నీ దానికి తగిలించిన క్లిప్పులు. ప్రధాన వరుసలో ఏది తీసినా వెనకవి వచ్చి అతుక్కుంటాయి. దాన్నే మాగ్నెటిక్ టైమ్‌లైన్ అన్నారు.

గొడవ భగ్గుమంది. పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. ఎడిట్‌ను ఇంకో సాఫ్ట్‌వేర్‌కు అందించే ఫైళ్లే లేవు: సౌండ్ స్టూడియోకు పంపడానికి ఓఎమ్‌ఎఫ్ లేదు, రంగులు సరిదిద్దే కలర్ పనికి పంపడానికి ఈడీఎల్, ఎక్స్‌ఎంఎల్ లేవు. ఒకేసారి పలు కెమెరాలతో తీసిన షాట్లను కలిపి కట్ చేసే మల్టీక్యామ్ లేదు. ఎక్స్‌ఎంఎల్ ఆ సెప్టెంబరులో, మల్టీక్యామ్ 2012 జనవరిలో వచ్చాయి గానీ, అప్పటికే చాలామంది ప్రీమియర్‌కో అవిడ్‌కో మళ్లిపోయారు. ఇందులో టైమ్‌లైన్ ఆలోచనకు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం. పని ఆగిపోయిన కోపమంతా దాని మీద పడింది.

పనిలో తేడా తెలియాలంటే మన పెళ్లి వీడియోనే చూద్దాం. జీలకర్ర బెల్లం షాట్ మీద గట్టిమేళం సరిగ్గా అదే క్షణానికి పడాలి. అంతకుముందు వచ్చే గౌరీపూజ నిమిషంన్నర తగ్గించమన్నారు పెళ్లివారు. ట్రాకుల టైమ్‌లైన్‌లో అయితే ఏ వరుసకు సింక్ లాక్ (మిగతావాటితో పాటు జరిగే ఏర్పాటు) ఉంది, ఏది కదలకుండా పూర్తిగా లాక్ చేశాం అన్నది గుర్తుండాలి. మ్యూజిక్ వరుస లాక్ చేసి బొమ్మను జరిపితే మేళం తలంబ్రాల మీద మోగుతుంది. మాగ్నెటిక్‌లో మేళం ఆ షాట్‌కే తగిలించి ఉంటుంది కాబట్టి షాట్ ఎక్కడికి పోతే మేళం అక్కడికి పోతుంది. కానీ ఆ షాట్ బాగాలేదని డిలీట్ చేశామా, మేళం కూడా దాంతోపాటే మాయం. మేళం నిలవాలంటే షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కి, షాట్ స్థానంలో గ్యాప్ వదలాలి.

అదే వీడియోలో చివర పాటకు కట్ చేసే భాగం చూడండి. అక్కడ పాటే రాజు. ప్రతి షాట్ ఒక బీట్ మీద కూర్చుంటుంది. ఒక షాట్ తీయగానే వెనకవన్నీ జరిగితే బీట్లన్నీ తప్పుతాయి. ఈ పనికి ఖాళీ వదిలే ట్రాకుల టైమ్‌లైనే హాయి. ఫైనల్ కట్‌లో కూడా పీ నొక్కి పొజిషన్ టూల్ తీసుకుంటే క్లిప్ ఉన్నచోట గ్యాప్ వదిలి జరుగుతుంది. అంటే కొత్తదాంట్లోనూ టేపు గుణం దాచిపెట్టే ఉంచారు.

సీనియర్ల పట్టుదలకు ఇంకో బలమైన కారణం ఉంది, కుర్రాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సినిమా ఒక్కరి చేతిలో పూర్తవదు. డైలాగు మొదటి వరుసల్లో, ఎఫెక్టులు తర్వాత, మ్యూజిక్ కింద అని సర్ది పంపితే, సౌండ్ స్టూడియోలో తెరిచినవాడికి ఫోన్ చేసి అడిగే పని ఉండదు. ఫైనల్ కట్‌లో ఈ సర్దుబాటు రోల్స్ అనే గుర్తులు చూసుకుంటాయి. ప్రతి క్లిప్‌కూ ఇది డైలాగు, ఇది మ్యూజిక్ అని ముద్ర వేయాలి. వేయకుండా పంపితే అవతలివాడికి నరకం.

ఇక రెండు పద్ధతులూ ఒకేచోట ఉన్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది, డావిన్చీ రిజాల్వ్. బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ 2009లో డావిన్చీని కొన్నది కలర్ కోసమని పేరు. తర్వాత రిజాల్వ్‌లో ఎడిటింగ్ పెరిగి, 2019లో వచ్చిన 16వ వెర్షన్లో కట్ పేజీ చేరింది. అందులో రష్ (షూట్ చేసిన ఫుటేజీ) మొత్తాన్ని ఒకే పొడవాటి టేపులా వరుసగా చూసుకోవచ్చు. కింద క్లిప్ తీస్తే ఖాళీ మూసుకుంటుంది. పక్కనే ఉన్న ఎడిట్ పేజీలో మామూలు ట్రాకులు. టైమ్‌లైన్ రెండింటికీ ఒకటే. ఉదయం కట్ పేజీలో రఫ్ కట్ వేసి, మధ్యాహ్నం ఎడిట్ పేజీలో సౌండ్ వరుసలు సర్దుకోవచ్చు. దీనికి ఫ్రీ వెర్షన్ ఉంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఇందులో ఒకే పెళ్లి ఫుటేజీని రెండు పేజీల్లోనూ కట్ చేయించి, ఆ తర్వాతే ప్రీమియర్ ముందు కూర్చోబెట్టాలని సీనియర్లను కోరుతున్నాను.