మాస్టర్ ప్లాన్‌లో గీత ఉంటే రోడ్డు ఉన్నట్టేనా? శివారు కాలనీల ట్రాఫిక్‌పై అపోహలు - వాస్తవాలు

నగర ప్రణాళిక, ట్రాఫిక్ అధ్యయనం నా వృత్తి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు ఇటూ అటూ ఉన్న శివార్లలో ఇల్లు కొనబోతున్నవారు, కొని చిక్కుల్లో పడినవారు, కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలు సలహా కోసం వస్తుంటారు. వారిలో చాలామంది అడిగేది ఒక్కటే: "మా ముందు వంద అడుగుల రోడ్డు ఎప్పుడు వేస్తారు?" ఆ రోడ్డు ఎక్కడుందని నేను అడిగితే బ్రోచర్ చివరి పేజీలోని లొకేషన్ మ్యాపు చూపిస్తారు. మ్యాపులో అది నల్లగా, నిటారుగా, ఎక్కడా తెగకుండా ఉంటుంది. ఆ గీత మీద నమ్మకంతో గజానికి వేలల్లో అదనంగా చెల్లించిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ముందుగా దాని సంగతే వివరంగా చెబుతాను.

అపోహ: మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు చూపించారంటే ప్రభుత్వం దాన్ని వేసి తీరుతుంది.

వాస్తవం: మాస్టర్ ప్లాన్ భూవినియోగాన్ని నిర్ణయించే పత్రమే తప్ప, చేయబోయే పనుల జాబితా కాదు. 2001లో వచ్చిన సైబరాబాద్ ప్లాన్ అయినా, 2013 జనవరిలో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ 2031 అయినా, ఒక రోడ్డు ఎలైన్‌మెంట్‌ను, అంటే అది పోవలసిన దారిని, గుర్తించడం ద్వారా చేసేది ఆ పరిధిలో కొత్త కట్టడాలకు అనుమతి రాకుండా చూడడమే. ఆ గీత కింద ఉన్న భూమి నోటిఫికేషన్‌కు ముందు ఎవరిదో, ఆ తరవాత కూడా వారిదే. నిధులు, గడువు, భూసేకరణ, ఇవేవీ గీతతో పాటు రావు.

మరి శివార్లలో మనం చూస్తున్న పెద్ద రోడ్లు ఎలా వచ్చాయని అడగవచ్చు. చాలావరకు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం, అంటే అందరూ జీవో 168 అని పిలిచే వాటి ప్రకారం, రోడ్డు గీత తన స్థలం మీదుగా పోతున్న యజమాని అనుమతికి దరఖాస్తు చేసినప్పుడు ఆ మేరకు భూమిని స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించి, అందుకు బదులుగా టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకోవడానికి వాడుకోగల, లేదా అమ్ముకోగల అభివృద్ధి హక్కు) గానీ, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) సడలింపు గానీ, అదనపు అంతస్తు గానీ పొందుతాడు. దీని అర్థం ఏమిటంటే, రోడ్డు ముందుకు సాగడం ఇంజనీరు చేతిలో కంటే పక్క సర్వే నంబరు యజమాని అవసరం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఒక బిల్డరు అపార్ట్‌మెంట్లు కడితే ఆ ప్రహరీ ఉన్నంత మేర డివైడరుతో, మొక్కలతో వెడల్పాటి తారు రోడ్డు వస్తుంది. ఆ పక్క భూమి యజమానికి అమ్మే ఉద్దేశమూ కట్టే ఉద్దేశమూ లేకపోతే రోడ్డు అతని గట్టు దగ్గర ఆగిపోతుంది. అతను తప్పేమీ చేయలేదు. అతని భూమి కావాలంటే 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం చెల్లించి తీసుకోవాలి, లేదా టీడీఆర్‌కు ఒప్పించాలి. రోడ్డు కోసం వదిలిన స్థలానికి 400 శాతం టీడీఆర్ ఇచ్చేలా 2017లో నిబంధనలు సవరించినా, ఆ ఏడాదే లింకు రోడ్ల కోసం హైదరాబాద్ రోడ్డు అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసినా, వారసుల మధ్య దావా నడుస్తున్న భూమి విషయంలో ఎవరూ చేయగలిగింది పెద్దగా ఉండదు.

బ్యాంకు ఉద్యోగం చేసి విరమణ పొందిన ఒక పెద్దాయన, ఆయన భార్య ఒకసారి నా దగ్గరికి వచ్చారు. ఫ్లాటు అప్పటికే రిజిస్టరై గృహప్రవేశం కూడా జరిగిపోయింది. వాళ్ల గేటు నుంచి మెయిన్ రోడ్డు మ్యాపులో కూతవేటు దూరం. నేల మీద మాత్రం పాత ఊరి మధ్యలోంచి, కోమటి కొట్ల ముందు నుంచి, బడి గోడ పక్క నుంచి చుట్టు తిరిగి పోవాలి. "బాబూ, ఈయనకు గుండె ఆపరేషన్ అయింది, రాత్రిపూట అంబులెన్సు ఎటు నుంచి వస్తుంది?" అని ఆవిడ అడిగారు. నక్షా ముందు పెట్టుకుని చూస్తే మధ్యలో రెండే సర్వే నంబర్లు అడ్డం. ఒకదానిలో అన్నదమ్ముల పంపకాల దావా కోర్టులో ఉంది, రెండోదాని యజమాని వ్యవసాయం చేసుకుంటున్నాడు. బిల్డరు చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు, మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు నిజంగానే ఉంది. అలాంటి సగం నిజాన్ని కొనుగోలుదారు పసిగట్టడం కష్టం, అందుకే మోసపోయినవారిని అమాయకులని ఎగతాళి చేసేవారంటే నాకు చిరాకు.

కొనే ముందు చూడవలసింది గీతను కాదు, దాని కింద ఉన్న ముక్కలను. గ్రామ నక్షాలో మీ స్థలం నుంచి ఇప్పటికే వాడుకలో ఉన్న రోడ్డు వరకు ఆ గీత ఏయే సర్వే నంబర్ల మీదుగా పోతుందో రాసుకోండి. ఒక్కొక్క నంబరుకు ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, రోడ్డు భాగానికి మున్సిపాలిటీ పేరిట గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) రిజిస్టరైందా లేదా చూడండి. కానిచోట టౌన్ ప్లానింగ్ విభాగంలో భూసేకరణ ప్రొసీడింగ్స్ ఏమైనా ఉన్నాయేమో అడగండి. నోటిమాటగా చెబితే ఒప్పుకోకుండా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మంజూరైన ప్లానులో మీ ముందున్న రోడ్డు పక్కన "ఎగ్జిస్టింగ్" అని ఉందో, "ప్రపోజ్డ్" అని ఉందో తప్పక చదవండి. ఇది కొద్ది రోజుల పనే, ఖర్చు కూడా బ్రోకరు కమీషన్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు.

రోడ్డు మధ్యలో తెగిపోతే ట్రాఫిక్ ఏమవుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం రెండు వరుసల కలెక్టర్ వీధి రెండు దిశల్లోనూ కలిపి గంటకు 900 పీసీయూలను (ఒక కారును ఒక యూనిట్‌గా తీసుకుని వాహనాలను లెక్కించే కొలత) మోయగలదు. వెయ్యి ఫ్లాట్ల సముదాయం ఒకటి వచ్చి, ఉదయం ఒక గంటలో అందులో సగం ఇళ్ల నుంచి కార్లు బయలుదేరాయనుకుంటే, ఆ వీధి సామర్థ్యంలో సగానికి పైగా ఒక్క గేటుకే సరిపోతుంది. ఇక ఆ వీధికి ఇరువైపులా బండ్లు నిలిపి ఉంటే రెండు వరుసలు ఎక్కడివి? నిజాంపేట, బాచుపల్లి, మణికొండ, తెల్లాపూర్ లాంటివి నిన్నమొన్నటి వరకు గ్రామ పంచాయతీలు. అక్కడి లోపలి వీధులు ఎడ్లబండ్ల కొలతకు పుట్టినవి. కాబట్టి వాటి ట్రాఫిక్ కష్టాన్ని డ్రైవర్ల క్రమశిక్షణకు మాత్రమే అంటగట్టడం సరికాదు.

అపోహ: మన ప్లాటు మీద మాస్టర్ ప్లాన్ రోడ్డు పడింది కాబట్టి రేపో మాపో కూల్చేస్తారు.

ఇది మొదటి అపోహకు రెండో ముఖం. వాట్సాప్‌లో ఎవరో ఎర్ర గీతతో ఉన్న ఫొటో ఒకటి పంపుతారు, ఆ రాత్రి కాలనీలో ఎవరికీ నిద్ర ఉండదు. చట్టబద్ధంగా అనుమతి పొందిన ఇంటిని కేవలం గీత ఆధారంగా ఎవరూ తీసుకోలేరు. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ హరించరాదని రాజ్యాంగంలోని 300ఎ అధికరణం చెబుతోంది. నోటీసు, విచారణ, పరిహారం ఆ ప్రక్రియలో భాగాలు. అయితే గీత పరిధిలో కొత్త కట్టడానికి అనుమతి రాదు, అమ్మబోతే ధర తగ్గుతుంది. భయపడి తక్కువకు అమ్ముకునే ముందు ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకుని, ఎలైన్‌మెంట్ నిజంగా మీ ప్లాటును తాకుతుందో లేదో తెలుసుకోండి.

అపోహ: కాలనీ రోడ్డు మనది, గేటు పెట్టి బయటి బండ్లను ఆపుకోవచ్చు.

లేఅవుట్‌కు తుది ఆమోదం పొందేటప్పుడే రోడ్లు, ఖాళీ స్థలాలు స్థానిక సంస్థకు అప్పగించబడి ఉంటాయి. మెయింటెనెన్స్ డబ్బులు సంఘం వసూలు చేస్తున్నంత మాత్రాన యాజమాన్యం సంఘానిది కాదు. ఒకే ప్లాటులో ఒకే అనుమతితో కట్టిన అపార్ట్‌మెంటు సముదాయంలో లోపలి దారులు వేరు, అవి ఉమ్మడి ఆస్తి; అక్కడ కూడా పెద్ద స్థలాల్లో లోపలి భూములకు దారి కోసం అంచున 9 మీటర్ల ప్రజా రహదారి వదలాలని అదే 2012 నియమాలు చెబుతున్నాయి. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా (ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ, విపత్తు స్పందన కోసం పెట్టిన సంస్థ) కాలనీల మధ్య రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలను చాలాచోట్ల తొలగించింది. పిల్లల భద్రత కోసం గేటు కోరే తల్లిదండ్రుల ఆందోళన నాకు అర్థమవుతుంది, కానీ పది కాలనీలు పది గోడలు కడితే వాహనాలన్నీ మిగిలిన ఒక్క రోడ్డు మీదికే వస్తాయి, ఉదయం ఆ రోడ్డులో ఇరుక్కునేది ఈ పది కాలనీలవారే.

అపోహ: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉంటే అప్రోచ్ రోడ్డుకు కూడా హామీ ఉన్నట్టే.

లేదు. రెరా నమోదు ప్రాజెక్టు స్థలానికి సంబంధించినది, బయటి రోడ్డు వేసే బాధ్యతను అది ఎవరి మీదా పెట్టదు. అయితే ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి నష్టపోయినవారికి పరిహారం కోరే హక్కు 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ ఇస్తుంది కాబట్టి బ్రోచర్‌ను పారేయకండి.

అపోహ: ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) అయితే రోడ్డు సమస్య తీరినట్టే.

ఎల్‌ఆర్‌ఎస్ ప్లాటును క్రమబద్ధీకరిస్తుంది, ముందున్న 20 అడుగుల వీధిని 40 అడుగులు చేయదు.

అపోహ: ఎన్ని స్పీడ్ బ్రేకర్లు వేస్తే అంత క్షేమం.

కొలత తప్పిన స్పీడ్ బ్రేకరే ప్రమాదానికి కారణం అవుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి వీలుగా. మన కాలనీల్లో మేస్త్రీ చేత రాత్రికి రాత్రి వేయించే సిమెంటు దిమ్మెకు హెచ్చరిక బోర్డు గానీ, తెల్ల రంగు గానీ ఉండదు, చీకట్లో స్కూటరు మీద వచ్చేవారు దాని మీదే పడతారు. అవసరమనుకుంటే సంఘం తీర్మానంతో మున్సిపాలిటీకి, ట్రాఫిక్ పోలీసులకు లేఖ ఇచ్చి, కొలతలు ఆ లేఖలోనే రాసి, పని జరిగే రోజున టేపు పట్టుకుని దగ్గరుండి చూసుకోండి.