రికార్డింగ్‌లో రాయని ఆ ఒక్క వాక్యం: సోషల్ వర్క్ శిక్షణపై అపోహలు, వాస్తవాలు

సోషల్ వర్క్ విద్యార్థులు ఏదో ఒక సంస్థలో పనిచేస్తూ నేర్చుకునే ఫీల్డ్‌వర్క్ మొదలైన మూడో వారంలోనో నాలుగో వారంలోనో, దాదాపు ప్రతి ఏడూ ఒక విద్యార్థి నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మేడమ్, ప్రాసెస్ రికార్డింగ్‌లో జరిగిందంతా రాయాలా?" అని అడగడం జరుగుతుంది. క్లయింటుతో, అంటే సాయం అందుకునే మనిషితో, జరిగిన సంభాషణను వరుసగా రాసి, ఫీల్డ్‌వర్క్‌లో దారి చూపే సూపర్‌వైజర్‌కు ఇచ్చేదే ప్రాసెస్ రికార్డింగ్. ఎక్కడో ఒక పొరపాటు జరిగి ఉంటుంది. రాస్తే మార్కులు పోతాయని భయం, రాయకుండా ఉందామంటే మనసు ఒప్పుకోదు. సూపర్‌వైజర్ కంటపడేది శుభ్రంగా ఉండాలని, మిగిలింది కడుపులో దాచుకోవాలని అప్పటికే ఎవరో సీనియర్ నూరిపోసి ఉంటారు. ఏ ఆధారమూ లేని ఈ మాట ఒక బ్యాచ్ నుంచి మరొక బ్యాచ్‌కు పాకడం చూసి నాకు విసుగు పుడుతుంది. దాన్ని నమ్మి నిద్ర లేకుండా గడిపిన పిల్లల మీద మాత్రం జాలే కలుగుతుంది.

అపోహ: సూపర్‌విజన్ అంటే తప్పులు పట్టే తనిఖీ.

మా రంగంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. సూపర్‌వైజర్ చేతిలో మూల్యాంకనం ఉన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. అయితే సూపర్‌విజన్‌కు మూడు పనులున్నాయని, ఈ విషయంపై పుస్తకం రాసిన అమెరికా ఆచార్యుడు అల్ఫ్రెడ్ కడూషిన్ చేసిన విభజనను మీరందరూ చదివే ఉంటారు: పాలనాపరమైనది, బోధనాపరమైనది, ఆసరాగా నిలిచేది. విద్యార్థులు మొదటిదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుని, తమకు ఎక్కువ అవసరమైన మిగతా రెండింటినీ వదిలేసుకుంటున్నారు. మన పని తలుపు మూసిన గదిలో ఇద్దరు మనుషుల మధ్య మాటల్లో జరుగుతుంది, ఆ సమయంలో సూపర్‌వైజర్ అక్కడ ఉండరు. ఎవరు ఏమన్నారు, మీకు లోపల ఏమనిపించింది, బదులుగా మీరేమన్నారు అనేవి వరుసగా రాసిన కాగితం తప్ప ఆ గదిలోకి చూడడానికి మరో కిటికీ లేదు. దాన్ని మీరే మూసేస్తే, మీ పొరపాటును సరిదిద్దే అవకాశం మీకే కాదు, మీ క్లయింటుకు కూడా పోతుంది.

ఒక విద్యార్థిని రికార్డింగ్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. నలభై నిమిషాల సంభాషణకు రెండే రెండు వాక్యాలు: "బాలిక తన సమస్యలను పంచుకున్నది. ఆమెకు ధైర్యం చెప్పడమైనది." రెండో వాక్యానికి ముందు ఒక పంక్తిని కొట్టేసి, దాని మీద మళ్లీ మళ్లీ గీయడంతో కాగితం చిరిగేంత పలుచబడింది. అక్కడ ఏముండేదని అడిగాను. చాలాసేపటికి చెప్పింది: "ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెప్తానంది మేడమ్. ఇచ్చాను." బాలిక చెప్పిన విషయం ఇంట్లో తనను కొడుతున్నారని. ఆ మాటకు కట్టుబడి మా విద్యార్థిని అయిదు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ అయిదు రోజులూ బాలిక అదే ఇంట్లో ఉంది.

గోప్యతకు హద్దులున్నాయని ఆమెకు తెలియక కాదు, పరీక్షలో ఆ ప్రశ్నకు చక్కగా సమాధానం రాసిన అమ్మాయే. ఎదురుగా ఒక పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని మాట అడిగినప్పుడు ఏమనాలో నోటికి అలవాటు కాలేదు, అంతే. ఆ పూటే సంస్థ బాధ్యులకు తెలియజేశాం. ఇద్దరం బాలిక దగ్గరకు వెళ్లాం. "నేను ఇవ్వకూడని మాట ఇచ్చాను, ఆ సంగతి ముందే నీకు చెప్పాల్సింది" అని విద్యార్థిని స్వయంగా ఒప్పుకుంది. బాలిక కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. తరువాత మా వారాంతపు సమావేశాల్లో ఆ మొదటి మాటనే పదే పదే పైకి అని సాధన చేశాం: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. కానీ నీకో ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే, సాయం చేయగలిగినవాళ్లకు చెప్పక తప్పదు. అప్పుడు కూడా ముందు నీకు చెప్పే చెప్తాను." తొలిసారి ఆమె గొంతు వణికింది, నెల తిరిగేసరికి అది ఆమె సొంత మాటైపోయింది. ఇలాంటి సాధనకు తరగతి గదిలో చోటు దొరకదు, అది సూపర్‌విజన్‌లోనే జరగాలి.

నేనూ దాచినదాన్నే. విద్యార్థినిగా ఉన్నప్పుడు, ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన దగ్గరకు గురువారం వస్తానని చెప్పి, పరీక్షల హడావిడిలో వెళ్లకుండా, వెళ్లినట్టు రాశాను. మా సూపర్‌వైజర్ చదివి, "ఆ రోజు ఆయన ఎక్కడ కూర్చున్నారు?" అని మాత్రమే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ పుస్తకం మూసి, "రేపు నేను కూడా వస్తాను" అన్నారు. మేం వెళ్లేసరికి గుమ్మం దగ్గర రెండు కుర్చీలున్నాయి. "గురువారం కూడా వేసి ఉంచానమ్మా" అన్నారాయన. ఆయన గొంతులో కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రికార్డింగ్ నేను తిరిగి రాశాను, ఈసారి వెళ్లలేదనే వాక్యంతోనే మొదలుపెట్టాను.

అపోహ: ఫీల్డ్‌వర్క్ థియరీకి తోకలాంటిది, హాజరు పడితే చాలు.

అమెరికాలో గుర్తింపు పొందిన మాస్టర్స్ కోర్సుకు కనీసం 900 గంటలు, బ్యాచిలర్స్ కోర్సుకు 400 గంటలు ఫీల్డ్‌లో గడపాలి. ఇంగ్లండులో ఆచరణ శిక్షణకు 200 రోజులు కేటాయిస్తారు. తోకకు ఎవరూ ఇంత సమయం ఇవ్వరు.

అపోహ: మంచి మనసుంటే చాలు, చదువెందుకు?

మంచి మనసు లేకుండా ఈ పనిలోకి రాకూడదు, అది ఒక్కటే ఉన్నా సరిపోదు. పేదల ఇళ్లకు ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకే ఈ సంగతి ముందుగా అర్థమైంది. అమెరికాలో పేదలకు సాయం చేసే సంస్థల్లో పనిచేసిన మేరీ రిచ్‌మండ్ 1897లో శిక్షణ పాఠశాల కావాలని అడగడం, మరుసటి ఏడే న్యూయార్క్‌లో ఆరు వారాల వేసవి శిక్షణ మొదలవడం అందుకే. మన దేశంలో 1936లో బొంబాయిలో తొలి పాఠశాల వెలిసింది.

అపోహ: సలహాలివ్వడమే పని.

కాదు. తన దారి తాను ఎంచుకునే హక్కు క్లయింటుదే.

అపోహ: తాము దెబ్బతిన్నవాళ్లు ఈ పనికి పనికిరారు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు కాబట్టి కాస్త నిదానంగానే చెప్తాను. మీ గతం మిమ్మల్ని అనర్హులను చేయదు. అయితే క్లయింటు కథ వింటున్నప్పుడు మీ కథ అడ్డొచ్చే క్షణాలు తప్పకుండా వస్తాయి, అది ఎప్పుడు అడ్డొచ్చిందో గుర్తించి సూపర్‌విజన్‌లో చెప్పగలిగితే చాలు. గతం మొత్తం విప్పి చెప్పమని ఎవరూ అడగకూడదు. "అక్కడ నా మాట ఆగిపోయింది" అన్న ఒక్క వాక్యంతో మొదలుపెట్టవచ్చు.

అందరు సూపర్‌వైజర్లూ వినేవాళ్లే అని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. సమయం ఇవ్వనివాళ్లు, చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు. అలాంటప్పుడు చర్చించాల్సిన రెండు మూడు విషయాలు ముందే రాసి ఇచ్చి, అన్నిటికన్నా చెప్పడానికి జంకుతున్నదాన్ని పైన పెట్టండి. అప్పటికీ సమావేశం జరగకపోతే, తేదీలు రాసిపెట్టుకుని కాలేజీ ఫీల్డ్‌వర్క్ సమన్వయకర్తకు చెప్పండి. ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం వచ్చే సమావేశం దాకా ఆగకుండా, ఆ పూటే సంస్థలో బాధ్యులెవరుంటే వాళ్లకు చెప్పండి.