ఎత్తేది గాలే

చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి అడిగిన ప్రశ్నకు అప్పుడు సగమే జవాబు చెప్పాను, ఈలోగా మీ అమ్మ అన్నానికి పిలిచింది. సర్క్యూట్ బోర్డు మీద ఆవగింజ కన్నా చిన్న ముక్కల్ని చకచకా పేర్చే ఆ మెషీన్ చివర అయస్కాంతం ఉంటుందా అని కదా నీ అనుమానం? మంచి అనుమానమే. ఆ ముక్కల్లో రెసిస్టర్లు, అంటే కరెంటు ప్రవాహాన్ని కొంత అడ్డుకునేవి, చాలా ఉంటాయి. వాటి రెండు కొసల్లోనూ సన్నటి నికెల్ పొర ఉంటుంది కాబట్టి అయస్కాంతం వాటిని లాగుతుంది కూడా. కానీ ఒకటి కావాలంటే పక్కనున్నవీ లేచి వస్తాయి, ఎటు తిరిగి అంటుకుంటాయో చెప్పలేం. అందుకే ఆ పని వాక్యూమ్‌కి, అంటే గాలి తీసేసిన ఖాళీకి, అప్పగించారు.

ఇక్కడ చాలామంది పెద్దవాళ్లు కూడా పొరబడతారు. వాక్యూమ్ ఏ వస్తువునీ లాగదు. ఖాళీకి బలం ఎక్కడిది? మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువంత ఒత్తిడి పెడుతుంది. అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది కాబట్టి మనకు తెలియదు. ఒక వైపు గాలిని తీసేస్తే, రెండో వైపు గాలి వస్తువును అటు నెడుతుంది. మెషీన్ చివర ఉండే సన్నని గొట్టాన్ని నాజిల్ అంటారు. అది రెసిస్టర్ నెత్తిన ఆనగానే లోపలి గాలి తగ్గుతుంది. రెసిస్టర్ కింద ఉన్న గాలి దాన్ని పైకి నెట్టి నాజిల్‌కి అదిమి పెడుతుంది. గాలే లేని చంద్రుడి మీదకు ఈ మెషీన్ని తీసుకెళ్తే ఒక్క ముక్క కూడా లేవదు.

చిట్టీ, నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఇది చెయ్యి. నాజిల్ రంధ్రం వైశాల్యం 0.1 చదరపు మిల్లీమీటరు అనుకో. చదరపు సెంటీమీటరుకు కిలో అంటే, చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాములు. మన రంధ్రానికి 1 గ్రాము. లోపలి గాలిలో 60 శాతం తీశామనుకుంటే 0.6 గ్రాములు. అంతేనా అనిపిస్తుంది. కానీ 0402 అని పిలిచే రెసిస్టర్ 1 మిల్లీమీటరు పొడవు, 0.5 మిల్లీమీటరు వెడల్పు ఉంటుంది, బరువు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అంటే దాని బరువుకు ఆరు వందల రెట్లకు పైగా బలం! అంత ఎందుకంటే, ఎత్తడం ఒక్కటే కాదు పని. గంటకు 36,000 ముక్కలు పెట్టే మెషీన్ అంటే సెకనుకు పది. అంత వేగంతో నాజిల్ బిగించిన మెషీన్ తల అటూ ఇటూ విసురుగా కదులుతుంటే, ముక్క పక్కకు జారకూడదు, ఇసుమంత తిరగకూడదు.

మీరూ చేసి చూడండి. స్ట్రా ఒకటి తీసుకుని చిన్న కాగితం ముక్క మీద ఆనించి గాలి పీల్చండి, టక్కున లేస్తుంది. అదే కాగితాన్ని నలిపి ప్రయత్నించండి, సందుల్లోంచి గాలి దూరి మొరాయిస్తుంది. దోమతెర ముక్కయితే సరేసరి. మెషీన్‌కీ అంతే. పైభాగం చదునుగా, నున్నగా ఉండాలి.

గాలిని తీసేదెలా? కొన్ని మెషీన్లలో పంపు ఉంటుంది. కొన్నింటిలో ఉండేది నాకు మహా ఇష్టం: కంప్రెసర్ గాలిని ఒక ఇరుకు దారిలోంచి జోరుగా ఊదుతారు. ఆ వేగానికి పక్క గొట్టంలోని గాలి కూడా దానితో పాటు కొట్టుకుపోతుంది. ఊది పీల్చడమన్నమాట!

ఎత్తడం కన్నా వదలడమే కష్టం. వాల్వు మూసినా నాజిల్‌లో ఒత్తిడి క్షణంలో మామూలుకు రాదు, పైగా ముక్క మరీ తేలిక, అంటుకునే ఉండిపోవచ్చు. అందుకని కొంచెం గాలి ఎదురు ఊదుతారు. ఎక్కువ ఊదితే పక్కవి చెదిరిపోతాయి. బోర్డు మీద ముందే పూసిన సోల్డర్ పేస్టుకు (వేడి చేస్తే కరిగి ముక్కల్ని బోర్డుకు అతికించే లోహపు ముద్ద) కాస్త జిగట ఉంటుంది, కింద ముక్కను పట్టుకునేది అదే. పేస్టు ఆరిపోతే ముక్క నాజిల్‌తోనే వెనక్కి వచ్చేస్తుంది.

ముక్క దొరికిందో లేదో మెషీన్‌కి ఎలా తెలుస్తుందనుకున్నారు? గొట్టంలో ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటుంది. ముక్క రంధ్రాన్ని మూసేస్తే లోపల ఒత్తిడి బాగా పడిపోతుంది, ఖాళీగా ఉంటే బయటి గాలి దూరుతుంది కాబట్టి అంత పడదు. అయితే 0.4 మిల్లీమీటర్ల పొడవు, 0.2 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ముక్కలకు వాడే నాజిల్ రంధ్రం మరీ సన్నం. మూసినా తెరిచినా దాదాపు ఒకే ఒత్తిడి. అప్పుడు కెమెరాతో చూడాల్సిందే. రంధ్రం పూడిపోయినా తిప్పలే. ముక్కలు కాగితపు టేపులో గూళ్లలో వస్తాయి, ఆ కాగితం నూగు రంధ్రంలో చేరుతుంది. భూతద్దం కింద పెట్టి చూస్తే అంచు మీద తెల్లటి పోగు ఒక్కటి కనిపిస్తుంది, లైనంతా ఆపడానికి అది చాలు. మెషీన్ మొరాయిస్తే కంప్యూటర్ ముందు కూర్చునే కన్నా ముందు నాజిల్ కడగడం మేలని నా అభిప్రాయం.

ఇక నిండా పిన్నులతో, చదునైన చోటే లేని కనెక్టర్లను, అంటే తీగలూ ఇతర భాగాలూ తగిలించే ముక్కల్ని, ఏం చేస్తారు? నెత్తిన చిన్న ప్లాస్టిక్ మూత గానీ, వేడిని తట్టుకునే టేపు ముక్క గానీ పెట్టి పంపుతారు. మీ నాన్న కొత్త కంప్యూటర్ మదర్‌బోర్డు కొన్నప్పుడు ప్రాసెసర్ సాకెట్ మీద నల్లటి మూత చూడండి. పిన్నులు వంగకుండా కాపాడేది అదే, తయారీలో నాజిల్ పట్టుకోవడానికి చోటిచ్చేదీ అలాంటి మూతే.

మీ తాతయ్య