ఆస్బెస్టాస్ రేకులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రేకుల ఇంట్లో ఉంటే కేన్సర్ ఖాయం.

వాస్తవం: ఛాతీ వైద్యుడిగా విశాఖలో నేను ఎక్కువగా వినే భయం ఇదే. చెక్కుచెదరని సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ పోగులు సిమెంటుతో బిగిసి ఉంటాయి. కోసినా, బెజ్జం వేసినా, పగలగొట్టినా, పాతబడి పైపొర పొడిగా రాలుతున్నా అవి గాలిలో కలుస్తాయి. కింద పడుకునే ఇంటాయన కన్నా పైకెక్కి కోసే మేస్త్రీకే ముప్పు ఎక్కువ. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పటిలా రేకులు విరిగిపడితే ముక్కలను ముందు నీళ్లతో తడపండి, మందపాటి సంచిలో మూటగట్టండి. చీపురుతో పొడిగా ఊడ్చవద్దు.

అపోహ: తెల్ల ఆస్బెస్టాస్ ప్రమాదం లేనిది.

వాస్తవం: నీలి, గోధుమ రకాలు ఇంకా చెడ్డవి, అంతే. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాలనూ కేన్సర్ కారకాలుగానే ప్రకటించింది.

అపోహ: ఆస్బెస్టాస్ పని మానేసి ఇరవై ఏళ్లయింది, ఇక ఏమీ రాదు.

వాస్తవం: వచ్చే కాలం అప్పుడే మొదలవుతుంది! ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే కేన్సర్ సాధారణంగా ఆ దుమ్ము పీల్చిన 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఓడలున్న ఊరు మనది. పాత ఓడల బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు వేడి తగలకుండా చుట్టింది ఎక్కువగా ఆస్బెస్టాసే. ఓడల్లో దాన్ని కొత్తగా అమర్చడాన్ని ప్రపంచమంతటా పూర్తిగా నిషేధించింది 2011 నుంచి మాత్రమే. ఆ చుట్టలు ఊడదీసిన ఫిట్టరుకు ఈరోజు ఆయాసం వస్తే క్షయ అనో, సిగరెట్ల వల్ల అనో సరిపెట్టుకోవడం తేలిక. మా డాక్టర్లు చాలామంది పాత ఉద్యోగం గురించి అడగరు, కాబట్టి మీరే చెప్పండి. ఆయన దుమ్ము బట్టలు ఉతికిన భార్య కూడా చెప్పాలి. సుప్రీంకోర్టు 1995లోనే ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా రిటైరయ్యాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. పాత యజమానిని అడగడానికి మొహమాటం అక్కరలేదు.

సిగరెట్లను నిర్దోషిగా వదలడం లేదు. ఆస్బెస్టాస్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. మీసోథీలియోమాకు మాత్రం పొగతో సంబంధం లేదు.

అపోహ: ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలు.

వాస్తవం: రుమాలూ, సర్జికల్ మాస్కూ పనికిరావు. సన్నని ధూళిని ఆపే ఫిల్టరు మాస్కు ముఖానికి బిగుతుగా అమరాలి. గడ్డం ఉంటే అదీ పక్కల నుంచి దుమ్మును లోపలికి వదులుతుంది.