సైలెన్సర్ మాడితే ఫిల్టర్‌ని తిట్టకండి

ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్న పిల్లలకు,

మొన్న మీలో ఒకడు ఫోన్ చేసి, "బాబాయ్, టిప్పర్ డీపీఎఫ్ లోపల కరిగిపోయింది, కొత్తది వేసేస్తే సరిపోతుందా" అని అడిగాడు. (డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్.) సరిపోదు. ఫోన్‌లో చెబితే సగం చెవికెక్కదు కాబట్టి రాస్తున్నాను, టీ తాగుతూ తీరిగ్గా చదవండి.

ఫిల్టర్ తనంతట తాను వేడెక్కదు. దాంట్లోకి కాలని డీజిల్ వచ్చి ఉండాలి, లేదా ఇంజన్ ఆయిల్, లేదా మోయగలిగినదానికి మించి మసి. అవి ఎక్కడినుంచి వచ్చాయో తేల్చకుండా ఫిల్టర్ ఒక్కటే మార్చి పంపిస్తే, బండి కొన్నాళ్లకు అదే జబ్బుతో మళ్లీ మీ షెడ్డు ముందే నిలబడుతుంది, ఓనర్ మీ మీద పడతాడు, పడటంలో తప్పు కూడా లేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ నియమాలు వచ్చాయి కదా. పెద్ద ఇంజన్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల నుంచి 0.4కి దిగింది, మసి రేణువులను కూడా లెక్కపెట్టడం మొదలైంది. అందుకే సైలెన్సర్ అనుకునే ఆ పెద్ద డబ్బాలో ఇంత సరంజామా దూరింది. ముందు డీఓసీ (పొగలో మిగిలిన డీజిల్‌ని కాల్చే జల్లెడ లాంటిది), దాని వెనక డీపీఎఫ్, తర్వాత యూరియా చల్లే చోటు, చివర ఎస్‌సీఆర్ (ఆ యూరియాతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేది). లోడుతో హైవే మీద పోయే బండికి పొగ 300, 400 డిగ్రీలుంటుంది, ఆ వేడికే మసి నెమ్మదిగా కాలిపోతూ ఉంటుంది. క్వారీలో గంటల తరబడి ఐడిల్‌లో ఉండే బండికి ఆ వేడి ఎక్కడిది? మసి పేరుకుంటుంది. అప్పుడు ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, కావాలనే కొంచెం డీజిల్ అదనంగా పంపిస్తుంది, అది డీఓసీలో కాలి వేడిని 600 దాకా తీసుకెళ్తుంది. ఇదే రీజెన్. అంటే 600 చూసి కంగారు పడాల్సిన పనిలేదు. రీజెన్ లేనప్పుడు 600 కనబడితేనే టెన్షన్ పడండి.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, ఫిల్టర్ నిండా మసి ఉండి, అది అంటుకున్న సమయంలో డ్రైవర్ టోల్‌గేట్ క్యూలో ఆగి కాలు తీసేశాడనుకోండి. ఇంజన్ ఐడిల్‌కి పడిపోయింది, ఇంకేం, చల్లబడుతుందిలే అనుకుంటాం. ఉల్టా జరుగుతుంది. లోపలి వేడిని బయటికి మోసుకుపోయే ప్రవాహం తగ్గిపోతుంది, ఐడిల్ పొగలో ఆక్సిజన్ మాత్రం బోలెడు ఉంటుంది, దాంతో ఊక పొయ్యి రాజుకున్నట్టు లోపల వేడి 1,000 డిగ్రీలు దాటిపోగలదు. కార్డియరైట్ ఫిల్టర్ కరగాలంటే 1,450 దాకా వెళ్లాలి గానీ అంతదాకా పోనక్కర్లేదు, నడుమ ఎర్రగా, అంచులు చల్లగా ఉంటే ఆ తేడాకే పగిలిపోతుంది.

అందుకే ఫిల్టర్‌లో ఎంత మసి ఉందో ఈసీయూ వేసుకున్న లెక్కను స్కానర్‌తో సున్నా చేసి, బలవంతంగా రీజెన్ (ఫోర్స్ రీజెన్) కొట్టే అలవాటుంటే ఇవాళే మానుకోండి. మసి మరీ ఎక్కువైనప్పుడు ఈసీయూ రీజెన్‌కి ఒప్పుకోదు, అది మొండితనం కాదు, ఫిల్టర్‌ని కాపాడటం. ఫిల్టర్ దించి శుభ్రం చేయకుండా లెక్క మాత్రం చెరిపేశారంటే, ఈసీయూ కళ్లకు గంతలు కట్టి నిప్పు పెట్టినట్టే. చాలా ఫిల్టర్లు రోడ్డు మీద కంటే షెడ్డులో ఇలాగే పోతున్నాయని నా అభిప్రాయం.

ఇక పట్టుకోవడం ఎలా. ముందు సెన్సార్లు నిజం చెబుతున్నాయో లేదో చూడండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేస్తే, టెంపరేచర్ సెన్సార్లన్నీ దాదాపు ఒకే అంకె చూపించాలి. ఒకటి 28, ఇంకొకటి 95 అంటే అక్కడే దొరికింది. ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడి తేడాను కొలిచే ప్రెషర్ తేడా సెన్సార్ అప్పుడు సున్నా దగ్గర ఉండాలి, దాని రెండు రబ్బరు గొట్టాలు మాడాయా, చిట్లాయా, ఊడాయా అని చేత్తో తడిమి చూడండి.

ఆ తర్వాత లోడు మీద నడిపి మూడు అంకెలు రాసుకోండి: డీఓసీ ముందు, డీఓసీ వెనక, డీపీఎఫ్ వెనక. డీఓసీ ముందే వేడి ఎక్కువగా ఉంటే తప్పు ఇంజన్ వైపు ఉంది, గాలి చాలట్లేదేమో, ఇంటర్‌కూలర్ గొట్టం లీకేమో, టర్బో సంగతేమిటో చూడండి. రీజెన్ లేదు, కానీ డీఓసీ ముందు 300, వెనక 500 అంటే, ఎవరూ అడక్కుండానే డీజిల్ వస్తోంది, ఇంజెక్టర్ కారుతోంది, లేదా పొగ పైపులో డీజిల్ చల్లే ఇంజెక్టర్ ఉన్న బండైతే అది మూసుకోవట్లేదు. డీఓసీ వెనక మామూలుగా ఉండి డీపీఎఫ్ వెనక ఎగబాకుతుంటే ఫిల్టర్‌లోనే మంట ఉంది, వెంటనే ఆపకుండా రేస్ కాస్త పట్టి ఉంచి చల్లారనివ్వండి.

డబ్బా విప్పినప్పుడు తొందరపడి తుడిచేయకండి, ఆధారాలన్నీ ఆ ముఖం మీదే ఉంటాయి. డీఓసీ ముఖం పొడిగా బూడిదరంగులో ఉంటే మంచిదే. నల్లగా, తడిగా, వేలికి జిడ్డు అంటితే టర్బో సీలు నుంచి ఆయిల్ వస్తోందేమో చూడండి. తెల్లటి పొర ఉండి, బయట ఎక్కడా చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతోందంటే ఈజీఆర్ కూలర్‌ని (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేముందు చల్లార్చేది) అనుమానించాలి. టెయిల్‌పైప్ లోపల తెల్ల గుడ్డ పెట్టి తిప్పండి. ఫిల్టర్ బాగుంటే గుడ్డకి పెద్దగా ఏమీ అంటదు, నల్లగా వచ్చిందంటే ఎక్కడో పగిలింది. అలాంటప్పుడు ప్రెషర్ తేడా తక్కువ చూపించి "అంతా బాగుంది" అని నమ్మిస్తుంది, మోసపోకండి. ఎస్‌సీఆర్ సంగతి ఇంకా చిక్కు, వేడికి చచ్చిపోయినా చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, ముందూ వెనకా నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) రీడింగులే గతి.

ఆయిల్ విషయంలో పిసినారితనం చేసే ఓనర్లుంటారు. ఇంజన్ ఆయిల్‌లోని మందుల నుంచి వచ్చే బూడిద ఎంత రీజెన్ చేసినా కాలదు, ఫిల్టర్ దించి ఊదించాల్సిందే. సీకే-4 లాంటి తక్కువ బూడిద ఆయిల్ వేయమనేది అందుకే. "ఇదంతా ఎందుకు, పీకేసి పైపు పెట్టు" అనేవాళ్లకి కుదరదని చెప్పండి, అది చట్టానికి విరుద్ధం, ఆ పొగ పీల్చేది ముందు మీరే.

ఇంకొకటి. వరిగడ్డి లోడు, పత్తి లోడు ఉన్న బండికి నిలబెట్టి రీజెన్ చేయకండి, ఎండు గడ్డి మీద కూడా పెట్టకండి. టెయిల్‌పైప్ వెనక మనిషి నిలబడకుండా చూసుకోండి. మొదలుపెట్టాక ఎవరో ఒకరు బండి దగ్గరే ఉండాలి, అన్నానికి వెళ్లాలంటే ఒకరి తర్వాత ఒకరు వెళ్లండి.

మీ బాబాయ్